మూకీ సినిమాను బడికి, చర్చికి, కాలనీకి తీసుకెళ్లడం ఎలా?

చాలా ఏళ్ల కిందట ఒక పల్లెటూరి ప్రాథమిక బడిలో మొదటిసారి చాప్లిన్ సినిమా వేశాను. ఇరవై నిమిషాలకే పిల్లలు గోల మొదలుపెట్టారు. బొమ్మ బాగానే పడుతోంది. కానీ మధ్యమధ్య తెర మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను వాళ్లు కూడబలుక్కుని చదివేలోపే అవి మాయమైపోతున్నాయి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ వెనక నుంచి అడిగింది: "ఏమంటన్నాడయ్యా వాడు?" నేను లేచి తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి గది సద్దుమణిగింది. సినిమా అయ్యేసరికి ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

మూకీ, అంటే మాటలు వినిపించని పాత సినిమా, సగమే తెర మీద ఉంటుందని ఆ రోజు తెలిసింది. మాట, పాట అనే మిగతా సగాన్ని చూపించేవాళ్లే గదిలో సమకూర్చాలి. ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. డేరా సినిమాల రోజుల్లో తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు, ఇంకొకాయన హార్మోనియం వాయించేవాడు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో తన ఫొటో వ్యాపారాన్ని పణంగా పెట్టి సినిమా చూపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, డేరాలు వేసుకుంటూ ఊళ్లు తిరిగాడు. ఆయన కొడుకు ప్రకాష్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మన తెలుగువాళ్ల తొలి మూకీ. దాని కాపీ ఒక్కటి కూడా మిగల్లేదు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారైతే ఇవాళ చూడ్డానికి దొరికేవి కొద్ది పదులే. అందుకే ఈ మార్గదర్శిలో విదేశీ సినిమాలు ఎక్కువగా, మనవి తక్కువగా కనిపిస్తాయి.

మొదటి మెట్టు: చూసేవాళ్లెవరో తేల్చుకోండి

సినిమా తర్వాత సంగతి. ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. చూసేవాళ్ల వయసు ఎంత? ఎంతసేపు కుదురుగా కూర్చోగలరు? ఎందుకు కూడుతున్నారు? మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు ఒక్క బిగిన ముప్పావు గంట దాటకూడదు. ఆరు నుంచి పదో తరగతి వాళ్లు మధ్యలో విరామం ఇస్తే గంటన్నర కూర్చుంటారు. చర్చిలో గుడ్ ఫ్రైడేకో క్రిస్మస్‌కో కూడినవాళ్లు రెండు గంటలైనా ఓపిక పడతారు, ఎందుకంటే ఆ కథ వాళ్లకు ముందే తెలుసు. కాలనీల్లో, అపార్టుమెంటు సెల్లార్లలో తాత దగ్గర్నుంచి మనవడి దాకా అందరూ వస్తారు. అక్కడ నవ్వించే సినిమా తప్ప ఇంకేదీ అంత బాగా నిలవదు.

రెండో మెట్టు: సినిమా ఎంచుకోవడం

దీనికి తొందరపడకండి. ఏ సినిమానైనా మొదటి నుంచి చివరిదాకా మీరొక్కరే ఒకసారి చూడండి. "పాత సినిమానే కదా, అందులో ఏముంటుందిలే" అనుకోవద్దు. ఎందుకో చెప్తాను.

బడిలో మొట్టమొదటిసారి వేసేదైతే బస్టర్ కీటన్ 'షెర్లాక్ జూనియర్' (1924) వేయండి. నిడివి ముప్పావు గంటే. సినిమా హాల్లో ప్రొజెక్టరు తిప్పే కుర్రాడు నిద్రపోయి, కలలో తెరలోకే నడిచి వెళ్తాడు. తెర మీద దృశ్యం మారినప్పుడల్లా అతని కాళ్ల కింద నేల మారిపోతుంది. ఒకసారి మెట్లు, ఒకసారి సముద్రం, ఒకసారి సింహాలు! దీనికి మాటల అవసరం దాదాపు లేదు. రెండోసారికి హెరాల్డ్ లాయిడ్ 'సేఫ్టీ లాస్ట్' (1923). పట్నానికి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు పెద్ద భవనాన్ని వట్టి చేతులతో ఎక్కాల్సి వస్తుంది, గడియారం ముల్లు పట్టుకుని వేలాడతాడు. 1919లో ఫొటో తీస్తుండగా చేతిలో బాంబు పేలి లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆ లోపం కనబడకుండా తొడుగు వేసుకుని ఈ సినిమాలో ఎక్కాడు. ఈ సంగతి సినిమా అయ్యాకే చెప్పండి. ముందే చెబితే పిల్లలు కథ మానేసి చేతినే చూస్తారు.

చాప్లిన్ 'ది కిడ్' (1921) ఏ వయసువాళ్లకైనా పనికొస్తుంది. అద్దాలు పగలగొట్టే పిల్లాడు, వెనకే అద్దాలు బిగించే పెంపుడు తండ్రి కనబడగానే గది గదంతా నవ్వుతుంది. పిల్లాణ్ని అనాథాశ్రమం బండి ఎక్కించే ఘట్టంలో అదే గది మౌనమైపోతుంది. అయితే సినిమా మొదలయ్యేది పెళ్లికాని తల్లితో. చిన్న తరగతులకు "ఒక తల్లి, ఆమెకు ఎవరూ దిక్కు లేరు" అంటే చాలు, అబద్ధం చెప్పినట్టూ కాదు, పసివాళ్లకు భారమూ కాదు. చివర్లో వచ్చే స్వర్గం కల కొంచెం సాగుతుంది, దాన్ని సంగీతంతో లాక్కురావాలి. తొమ్మిది, పది తరగతులకైతే సినిమా అయ్యాక జాకీ కూగన్ గురించి చెప్పండి. ఆ బాలనటుడు సంపాదించిన డబ్బంతా పెద్దవాళ్లే ఖర్చుపెట్టేశారు. అతను పెద్దయ్యాక కోర్టుకు ఎక్కాడు, ఆ తర్వాతే కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనను కాపాడే చట్టం వచ్చింది. సాంఘికశాస్త్రం టీచర్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

మన దగ్గర ఎక్కువమందికి తెలియని, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్' (1926). జర్మనీకి చెందిన లోటె రైనిగర్ అనే యువతి నల్ల అట్టముక్కల్ని కత్తిరించి, కీళ్లు పెట్టి, కిందనుంచి వెలుగు పడే గాజుబల్ల మీద ఒక్కో కదలికనూ ఫొటో తీస్తూ మూడేళ్లు శ్రమించింది. ఇప్పుడు మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో ఇదే అన్నిటికంటే పాతది. తోలుబొమ్మలాట చూసిన ఊళ్లో దీన్ని వేస్తే పెద్దవాళ్లు వెంటనే కలిసిపోతారు, "ఇది మన బొమ్మలాటే కదా" అంటారు. నిమ్మలకుంట తోలుబొమ్మలకు రంగులుంటాయి, ఇవి నల్లటి నీడలు, తేడా అంతే. అంతఃపురం దృశ్యాలు, సరస్సులో స్నానఘట్టం ఉన్నాయి కనక చిన్న తరగతులకు వేసేటప్పుడు అక్కడ ముందుకు జరపండి. చైనావాళ్లను, ఆఫ్రికా మాంత్రికుణ్ని చూపించిన తీరు ఆనాటి యూరప్‌వాళ్ల చూపు అని పెద్దపిల్లలకు చెప్పండి.

'నానూక్ ఆఫ్ ది నార్త్' (1922) భూగోళం పాఠానికి పనికొస్తుంది. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇన్యుయిట్ కుటుంబం కథ ఇది. కానీ దాన్ని యథార్థ చిత్రం అని నమ్మించకండి. నానూక్ అసలు పేరు అల్లకరియల్లక్. అప్పటికే వాళ్ల చేతుల్లో తుపాకులున్నా బల్లేలతో వేటాడించారు. లోపల వెలుతురు చాలక మంచు ఇంటిని సగానికి కోసి తీశారు. ఇవన్నీ చెబితే సినిమా విలువ తగ్గదు, పిల్లలు తెర మీది దేన్నైనా ప్రశ్నించడం నేర్చుకుంటారు. వాల్రస్ వేట, పచ్చిమాంసం తినడం ఉన్నాయి కాబట్టి ఆరో తరగతికి లోపు వద్దు.

కొన్ని సినిమాలకు పేరు ఎంత గొప్పదైనా దూరంగా ఉండండి. 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' (1915) సినిమా చరిత్ర పుస్తకాలన్నిట్లో ఉంటుంది. నల్లవాళ్లను చంపి భయపెట్టిన ముఠాను వీరులుగా చూపించే ఆ సినిమాను పిల్లల ముందు పెట్టొద్దు. కీటన్ 'సెవెన్ ఛాన్సెస్' (1925)లో నల్లవాళ్లను వెక్కిరించేలా తెల్లవాళ్లు ముఖానికి నలుపు పూసుకుని వేసిన పాత్రలున్నాయి. అదే కీటన్ 'ది జనరల్' (1926) మాత్రం అద్భుతం, రైలింజను వెంటపడే ఆ సాహసం చూసి తీరాల్సిందే. అయితే కథానాయకుడు నిలబడేది బానిసత్వాన్ని కాపాడుకోవాలని యుద్ధం చేసిన అమెరికా దక్షిణాది పక్షాన. పెద్ద తరగతులకు ఆ మాట ముందే చెప్పి వేయండి.

చర్చికి ఏవి?

మన సంఘాలకు తెర కట్టి సినిమా చూపించే అలవాటు ఉంది. 1978లో వచ్చిన 'కరుణామయుడు' ఎన్ని ఊళ్లలో ఎన్ని మైదానాల్లో ఆడిందో మీకు తెలుసు. అంతకు చాలా ముందే మూకీల్లో యేసు జీవితం వచ్చింది.

అన్నిటికంటే తేలికైనది ఫ్రాన్స్‌లో పాథే సంస్థ 1900ల మొదటి ఏళ్లలో తీసిన క్రీస్తు జీవితం. ముప్పావు గంట. గాబ్రియేలు దూత రాక, పశువుల పాక, కానా విందు, సిలువ, ఆరోహణం ఇలా విడివిడి పటాల్లా వస్తాయి. కొన్ని ప్రతుల్లో ఒక్కో ఫ్రేముకూ అద్దిన రంగులున్నాయి. ప్రతి పటం ముందు ఆగి సంబంధించిన వాక్యం చదివించవచ్చు, ఒక పల్లవి పాడించవచ్చు. సండే స్కూలు పిల్లలకు ఇంతకు మించింది లేదు.

'ఫ్రమ్ ది మేంజర్ టు ది క్రాస్' (1912) బృందం ఈజిప్టు, పాలస్తీనాలకు వెళ్లి తీసింది. దీన్లో మధ్యమధ్య తెర మీద వచ్చే అక్షరాల పలకలు సువార్త వచనాలే. అంటే తెలుగు రాతప్రతి మీ దగ్గర ముందే ఉందన్నమాట: పలక చూసి, ఆ వచనాన్ని తెలుగు బైబిల్లో తీసి, వరసగా గుర్తులు పెట్టుకుంటే చాలు. చదివేవాళ్లు మొదలుపెట్టగానే పెద్దవాళ్లు కొందరు తమంతట తామే గొంతు కలుపుతారు. ఆ క్షణం కోసమే నేను దీన్ని ఎంచుకుంటాను. కథ సిలువ దగ్గర ఆగుతుంది, గుడ్ ఫ్రైడే సాయంత్రానికి సరిగ్గా సరిపోతుంది.

పెద్ద ప్రదర్శనకైతే సిసిల్ బి. డిమిల్ 'ది కింగ్ ఆఫ్ కింగ్స్' (1927). పూర్తి ప్రతి రెండున్నర గంటలు దాటుతుంది, తగ్గించిన ప్రతి దాదాపు రెండు గంటలు. మొదట్లో మగ్దలేనే మరియ విలాస భవనం ఆడంబరంగా ఉంటుంది. ఆ భాగం సంఘానికి ఇబ్బంది అనుకుంటే దాటేసి మొదలుపెట్టండి. యేసు ముఖం మనకు మొదట కనబడే తీరు చూడండి: ఒక గుడ్డి పాపకు చూపు వస్తుంది, మసక మసకగా విచ్చుకునే ఆ పాప కంటి నుంచే మనమూ ఆయన్ని చూస్తాం. ఆ ఘట్టంలో సంగీతం ఆపేయండి, చదివేవాళ్లు కూడా మాట్లాడొద్దు. పునరుత్థానం రంగుల్లో వస్తుంది.

1925 నాటి 'బెన్‌హర్' రథాల పందెం ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తుంది. కానీ ఊరేగింపు దృశ్యంలో వక్షం కప్పుకోని స్త్రీలు కొద్ది క్షణాలు కనిపిస్తారు. ముందుగా చూడకుండా సంఘం ముందు వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక్కడో సంగతి చెప్పాలి. దాదాసాహెబ్ ఫాల్కే 1910-11 ప్రాంతంలో బొంబాయిలో చూసింది క్రీస్తు జీవితం మీద వచ్చిన ఒక మూకీయే. తెర మీద ఆ కథ నడుస్తుంటే ఆయన మనసులో కృష్ణుడు, రాముడు కదిలారు. 1913లో 'రాజా హరిశ్చంద్ర' వచ్చింది. చర్చి కమిటీవాళ్లకూ, గుడి కమిటీవాళ్లకూ నేను ఈ సంగతి ఒకేలా చెప్తాను.

గుడి మండపానికి, కాలనీకి

కృష్ణాష్టమికి ఫాల్కే 'కాళీయ మర్దన్' (1919) వేయండి. కృష్ణుడిగా నటించింది ఫాల్కే కూతురు మందాకిని, అప్పటికి ఏడేళ్ల పాప. మిగిలిన భాగం ముప్పావు గంట ఉంటుంది. నీళ్లలో పాముతో పోరాటం చూసి పిల్లలు కేకలు వేస్తారు. కథ అందరికీ తెలుసు కనక చెప్పేవాళ్లకు సులువు, రెండు భాగవత పద్యాలు అందుకుంటే ఇంకా బాగుంటుంది. బుద్ధపూర్ణిమకు హిమాంశు రాయ్, ఫ్రాంజ్ ఆస్టెన్ కలిసి తీసిన 'లైట్ ఆఫ్ ఏషియా' (1925) ఉంది. నెమ్మదిగా నడుస్తుంది, చిన్నపిల్లలకు వద్దు.

మూడో మెట్టు: ప్రతి, వేగం, హక్కులు

పాత సినిమాలు దించుకునే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఒకే సినిమాకు పదేసి ప్రతులుంటాయి. మొదటిది దించుకుని సంతోషపడకండి. నిడివి పోల్చండి, ముఖాలు స్పష్టంగా ఉన్నాయా చూడండి. మనుషులు గబగబా గంతులేస్తున్నట్టు నడుస్తుంటే వేగం తప్పింది. ఆ రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకు 16 నుంచి 20 ఫ్రేములు, అంటే విడివిడి ఫొటోలు, మామూలు. మాటల సినిమాలకు 24 ఖాయమయ్యాక పాతవాటినీ అదే వేగంతో వదిలారు. మూకీలంటే పరుగులు పెట్టే బొమ్మలనే అపోహ అక్కణ్నుంచే వచ్చింది. 18 ఫ్రేములతో తీసినది 24తో పడుతుంటే, కంప్యూటరులో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి వేగాన్ని 0.75కు తగ్గించండి. 20తో తీసినదైతే 0.83. మనిషి నడక మామూలుగా కనబడిందంటే సరిపోయినట్టే. హాస్య చిత్రాలను కావాలనే కాస్త వేగంగా కనబడేలా తీశారు కనక వాటిని మరీ తగ్గించొద్దు.

మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి ఈ మూకీల మీద ఆ హక్కు ఎప్పుడో తీరిపోయింది. చిక్కంతా సంగీతంతో. తర్వాత చేర్చిన సంగీతానికి వేరే హక్కు ఉంటుంది. స్వరకర్త చనిపోయాక 60 ఏళ్లు అది నిలుస్తుంది. చాప్లిన్ తన పాత సినిమాలకు ముసలితనంలో తానే సంగీతం కట్టాడు, ఆయన పోయింది 1977లో. అందుకని 'ది కిడ్'కు 1921 నాటి ప్రతి తీసుకోండి, ప్రతిలో ఉన్న శబ్దం కట్టేసి మీ సంగీతం వాయించుకోండి. టికెట్టు పెట్టొద్దు. బడిలో అయితే పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రుల వరకే ఉంచండి. బయటివాళ్లందరికీ మైదానంలో చూపించాలనుకుంటే సెన్సారు సర్టిఫికెట్, స్థానిక అనుమతుల ప్రశ్న వస్తుంది, ముందే కనుక్కోండి.

నాలుగో మెట్టు: తెలుగు రాతప్రతి

అసలు పని ఇదే, రెండు సాయంత్రాలు పడుతుంది. సినిమా ఆపుతూ ఆపుతూ ప్రతి పలకా ఏ నిమిషంలో వచ్చిందో, ఏముందో నోటుబుక్కులో ఎడమవైపు రాయండి, కుడివైపు తెలుగు. పలక తెర మీద ఉండేది ఐదారు సెకన్లు. అంతలో హాయిగా చదవగలిగేది ఎనిమిది, పది తెలుగు మాటలే. మాట పోయినా ఫరవాలేదు, ఊపు పోకూడదు. 'ది కిడ్' మొదటి పలకే చూడండి. ఇది చిరునవ్వుతో, బహుశా ఒక కన్నీటి చుక్కతో కూడిన చిత్రం అని రాస్తే పాఠ్యపుస్తకంలా ఉంటుంది. నేను ఇలా చదువుతాను: "నవ్వుతారు. ఎక్కడో కళ్లు కూడా చెమరుస్తాయి."

పాత్రల మాటలు మీ ఊరి యాసలోనే రాయండి. వరంగల్లులో పోలీసు "ఏందిరా, ఏడికి పోతున్నవ్?" అనాలి, శ్రీకాకుళంలో ఆ ఊరి మాట అనాలి. విదేశీ పేర్లు రెండు మూడుకు మించి వాడొద్దు, "పోలీసాయన", "మేస్త్రీ", "అమ్మాయి" చాలు.

చదివేవాళ్లు దొరకడం కష్టమేం కాదు. ప్రతి ఊళ్లో హరికథ విన్న గొంతో, నాటకాలాడిన గొంతో ఒకటి ఉంటుంది. పదో తరగతి పిల్లలిద్దరిని, ఒక అబ్బాయిని ఒక అమ్మాయిని తయారుచేసినా బాగుంటుంది. వాళ్లకు ఒక్కటే నియమం: నటుడు చేస్తున్నదాన్ని నోటితో చెప్పొద్దు. "ఇప్పుడు పడిపోతాడు చూడండి" అంటే ఆ నవ్వు చచ్చిపోతుంది. పలకలో ఉన్నదే చదవాలి. కథ మలుపు తిరిగే చోట మాత్రం ఒక వాక్యం కలపొచ్చు.

ఐదో మెట్టు: సంగీతం

హార్మోనియం, తబలా ఉంటే చాలు. చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయి ఉంటే మరీ మంచిది. సినిమా అంతటికీ కొత్త బాణీలు కట్టే పని లేదు. నడకకొకటి, పరుగుకొకటి, ప్రేమకొకటి, దిగులుకొకటి, భయానికొకటి చొప్పున ఐదు చాలు, వాటినే తిప్పి తిప్పి వాడుకోవాలి. వాయించేవాళ్లు తెర కనబడే చోట కూర్చోవాలి, చదివేటప్పుడు తగ్గించాలి. తెలిసిన సినిమా పాటల బాణీలు మాత్రం వద్దు. వినగానే జనం మనసు ఆ పాట మీదికి, ఆ హీరో మీదికి పోతుంది. ఒక్కసారైనా అందరూ కలిసి సాధన చేయాలి.

ఆరో మెట్టు: గది, తెర, కరెంటు

చీకటి పడ్డాక వేస్తే సగం బాధ తీరిపోతుంది. పగలు తప్పకపోతే కిటికీలకు నల్ల చార్టులు అంటించండి. తెల్ల పంచెను ముడతల్లేకుండా నాలుగు వైపులా లాగి కట్టండి. వెనక నల్లగుడ్డ వేస్తే వెలుగు వెనక్కి పోదు. పిల్లలు కింద కూర్చుంటారు కాబట్టి తెర అడుగు నేలకు నాలుగడుగుల ఎత్తులో ఉండాలి. మొదటి వరస తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. 3000 ల్యూమెన్ల అద్దె ప్రొజెక్టరు రెండు వందల మందికి సరిపోతుంది. సినిమా ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. ఇంటర్నెట్ నుంచి నేరుగా ఆడించొద్దు. చదివేవాళ్లకు నోటుబుక్కు మీద మాత్రమే పడే చిన్న లైటు కావాలి. ఒకసారి అది మరిచిపోయాం, సెల్‌ఫోన్ వెలుగుతో చదివితే ముందు వరస చూపంతా దాని మీదే. కరెంటు పోతే కంగారు పడొద్దు. వచ్చేదాకా తబలాతో ఒక పాట పాడించండి.

ఆ రోజు

ముందు మాట మూడు నిమిషాలు దాటొద్దు. ఏ ఏట తీశారు, ఎక్కడ తీశారు, ఎందుకు మాటల్లేవు అనే మూడు సంగతులు చాలు. పిల్లలకు వెతుక్కోవడానికి ఒకటి ఇవ్వండి: "ఆయన టోపీ ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి." వెలుగు తగ్గేముందు చదివేవాళ్లను, వాయించేవాళ్లను జనానికి చూపించండి. గంట దాటిన సినిమాకు నలభయ్యో నిమిషం దగ్గర విరామం ఇవ్వండి, అదీ ఉత్కంఠగా ఉన్న చోట.

అయ్యాక లైట్లు ఒక్కసారిగా వేయకండి, చివరి బాణీ పూర్తిగా వాయించనివ్వండి. తర్వాత ప్రశ్నపత్రంలా అడగొద్దు. "ఎక్కడ నవ్వొచ్చింది?" అని అడిగితే వాళ్లే మొదలుపెడతారు. ప్రిన్స్ అహ్మద్ వేసిన మర్నాడు నల్ల చార్టులు, కత్తెరలు, కీళ్లు బిగించే పిన్నులు ఇచ్చి చూడండి. ఒక పలుచటి పంచె, దాని వెనకో బల్బు ఉంటే చాలు, సాయంత్రానికి వాళ్ల బొమ్మలాట తయారవుతుంది. నోటుబుక్కు మాత్రం పారేయొద్దు. జనం ఎక్కడ నవ్వారో, ఏ పలక దగ్గర చదివేవాళ్లు వెనకబడ్డారో ఆ రాత్రే ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. పక్క ఊరివాళ్లు అడిగితే ఇవ్వాల్సింది ఆ నోటుబుక్కే.